మేనమామ పేరు మీది సన్నాయి

ఫ్రీజ్ నొక్కగానే సౌండ్ పెరిగిపోయే కంప్యూటర్లను ప్రభుత్వం ఇంటికొకటి చొప్పున ఉచితంగా పంచాలి! ఇది నా డిమాండ్. నవ్వకండి, సంగతి వింటే మీరూ దరఖాస్తు పెడతారు.

ఫ్రీజ్ అంటే తెలియని వారికి రెండు ముక్కలు. ఇప్పుడు పాటల స్టూడియోల్లో సన్నాయి ఊదేవాడు లేడు, డప్పు కొట్టేవాడు లేడు. అన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. పది వాయిద్యాలు ఒక్కసారే మోగితే పాత కంప్యూటర్‌కు ఆయాసం వస్తుంది. అప్పుడు ఒక్కో వాయిద్యాన్ని ఫ్రీజ్ చేస్తారు. అంటే కంప్యూటర్ ఆ వాయింపును ఒకసారి రికార్డు చేసి దాచుకుంటుంది, మళ్లీ మళ్లీ వాయించే పని పెట్టుకోదు. ముందు ఎంత సౌండ్ ఉందో తర్వాతా అంతే ఉండాలి. కానీ ఉండదు! మన అదృష్టమంతా అక్కడే ఉంది.

మా వైపు ఒక సర్పంచ్ అభ్యర్థి ప్రచారానికి పాట చేయించుకున్నాడు. ఫ్రీజ్ చేశాక డప్పు లేచి కూర్చుంది, హామీలన్నీ దాని కింద పడిపోయాయి. బోరు, బడి గోడ, బస్సు... ఒక్కటీ ఎవరికీ వినబడలేదు. గెలిచాడు. ఐదేళ్లూ హామీల గురించి అడిగిన నాథుడు లేడు. ఇంత ప్రశాంతమైన పాలన మీరెక్కడైనా చూశారా? ఇంకొకాయన తండ్రి జ్ఞాపకార్థం పాట చేయిస్తే, తంబుర పెరిగి ముసలాయన దానగుణం వినబడకుండా పోయింది. ఆయన్ను ఎరిగిన ఊరివాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఇవన్నీ చిన్నవి. అసలు సంగతి నకిరేకల్‌ది. అక్కడ ఎరువుల దుకాణం మీది గదిని కిరాయికి తీసుకుని గోపీకృష్ణ స్టూడియో నడుపుతున్నాడు. భిక్షం తన కూతురు మమత పెళ్లికి పాట చేయించడానికి అతని దగ్గరికి వెళ్లాడు. మన దగ్గర ఇప్పుడు పాట లేకుండా పెళ్లి లేదు, చుట్టాల పేర్లు లేకుండా పాట లేదు. భిక్షం ఇరవై పేర్లు రాయించాడు. ఆయన భార్య స్వరూప ఇంకొక్క పేరు చేర్పించింది. కల్వకుర్తిలో ఉండే తన అన్న కమలాకర్ పేరు.

కమలాకర్ చాలా మంచివాడు. పట్టింపు అనేది ఆయన జాతకంలోనే లేదు. ఆరేళ్ల కింద మమతకు చీర కట్టించిన ఫంక్షన్‌లో, మేనమామ అని కూడా చూడకుండా ఫ్లెక్సీ మీద ఆయన ఫొటోను కింది వరుసలో, టెంట్‌హౌస్ వాడి పక్కన వేశారు. మనిషన్నవాడు ఏం చేస్తాడు? అన్నం ముట్టకుండా కల్వకుర్తి బస్సెక్కాడు. అంతే! ఆ రోజు నుంచి చెల్లెలితో మాట లేదు.

"అన్నకు ఫోన్ చేద్దామంటె నాకు మొఖం చెల్తలేదు బిడ్డా. పాటల ఆయన పేరు ఇనవడితె పెండ్లికొచ్చి లోపటికొస్తడు. జర మంచిగ ఇనవడేటట్టు చెయ్యి" అని స్వరూప గోపీకృష్ణను బతిమాలింది.

"ఫికర్ చెయ్యకు చిన్నమ్మా" అన్నాడు గోపీ.

హనుమమ్మ పాడింది. నాట్లల్లో పాడి పాడి గట్టిపడ్డ గొంతు ఆమెది. "కల్వకుర్తి తొవ్వెంట మామొస్తుండే, కమలాకరు మామ పట్టుచీర తెస్తుండే" అని ఎత్తుకుంటే, కింద యూరియా కొనడానికి వచ్చినవాళ్లు మెట్లెక్కి వచ్చి విన్నారు. తర్వాత గోపీ సన్నాయిని ఫ్రీజ్ చేసి పాట పెట్టాడు. సరిగ్గా "కమలాకరు" దగ్గర సన్నాయి రంకె వేసింది. పేరు గల్లంతు!

ఇక పాపం గోపీ పడని పాట్లు లేవు. సన్నాయి మొత్తం తగ్గిస్తే పాట మొదట్లో అది ఉన్నట్టే తెలియలేదు. హైదరాబాద్‌లో ఉన్న దోస్తు నరేశ్‌కు ఫోన్ చేస్తే, "సౌండ్‌ను దానంతటదే పెంచే ఆప్షన్ ఉంటది, దాని టిక్కు తీసెయ్" అన్నాడు. తీసినా తగ్గలేదు. సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాడు. కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టాడు. మూడో రోజుకు దొంగ దొరికాడు. చిన్నమ్మ అంతగా చెప్పింది కదా అని, ఆ పేరు దగ్గర కళ రావడానికి గోపీ తానే సన్నాయి సౌండ్‌ను కొంచెం పెంచుతూ స్క్రీన్ మీద గీత గీశాడు. ఫ్రీజ్ చేసినప్పుడు ఆ పెంపు రికార్డులో కలిసిపోయింది. గీత మాత్రం అలాగే మిగిలిపోయి, పెరిగినదాన్నే మరోసారి పెంచింది. కోడలు ఉప్పు వేసిన పులుసులో అత్త వచ్చి మళ్లీ ఉప్పు వేసినట్టు! గీత తుడిచేశాడు. పేరు ఖంగుమని వినబడింది.

పేరు గల్లంతైన పాటను మొన్న విని వెళ్లిన భిక్షం, మళ్లీ వచ్చి ఇది విని ముఖం మాడ్చుకున్నాడు.

"గింత సాఫ్‌గ ఎందుకు ఇనవడతాంది? మొన్నటిదే మంచిగుండె."

"మొన్న మామ పేరు ఇనవడకపాయె గద కాకా!"

"ఇనవడితె మా బావ ముంగట నేను తగ్గినట్టయితది. మొన్నటిదే ఉంచు. మీ చిన్నమ్మ అడిగితె కంప్యూటర్ ఖరాబైందని చెప్పు."

చూశారా! భార్య మాట కాదన్నట్టు లేదు, బావకు తల వంచినట్టూ లేదు. నింద మొత్తం కంప్యూటర్ నెత్తిన పడింది. అది అలిగి బస్సెక్కదు కూడా!

పాటలో పేరు పెట్టించారని ఎవరో చెవిన వేస్తే, పెళ్లిరోజు కమలాకర్ వచ్చాడు. చేతిలో చీర ఉన్న సంచీతో ఫంక్షన్ హాల్ గేటు దగ్గర నిలబడ్డాడు. పాట మొదలైంది. పెళ్లికొడుకు పక్కింటివాళ్ల పేర్లు కూడా ముత్యాల్లా వినబడ్డాయి. "కల్వకుర్తి తొవ్వెంట" అనగానే ఒక అడుగు లోపలికి వేశాడు. సన్నాయి లేచింది. ఆ అడుగు వెనక్కి తీసుకుని, సంచీని వాచ్‌మన్ చేతిలో పెట్టి, బస్టాండుకు నడిచాడు.

ఎంత లాభం! లోపలికి వెళితే ఏమయ్యేది? చెల్లెలు చేయి పట్టుకుని ఏడ్చేది. ఆరేళ్లు కష్టపడి పెంచుకున్న కోపం పెళ్లిభోజనంతో పాటు అరిగిపోయేది.

ఇవన్నీ నీకెలా తెలుసంటారా? వారం తర్వాత నకిరేకల్ వెళ్లి గోపీకృష్ణను నిలదీస్తే, భిక్షం చెప్పిందంతా బయటపెట్టాడు. ఆ కమలాకర్‌ను నేనే.

నిన్న స్వరూప ఫోన్ చేసింది. "అన్నా, పాటల నీ పేరు నేనే పెట్టిచ్చిన. కంప్యూటర్ ఖరాబై ఇనవడకపాయె" అన్నది. భిక్షం చేసిన పని నోటిదాకా వచ్చింది. చెబితే ఇక ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాటలుండవు. అయినా పేరు వినబడకపోతే మాత్రం, ఆ గేటు దాటడానికి నాకేం రోగం? మమత నా మేనకోడలు కాదా?

"అవునమ్మా, కంప్యూటరే" అన్నాను. ఆరేళ్ల తర్వాత చెల్లెలితో ఆడిన మొదటి మాట అబద్ధమే అయింది.