ఐదున్నర గంటల క్రమశిక్షణ

"కాలము ప్రభుత్వ ఆస్తి. దానిని దుర్వినియోగం చేయువారు శిక్షార్హులు!"

ఈ ప్రకటన మా బడి నోటీసు బోర్డు మీద వెలసిన రోజే, గేటు లోపలి గోడకు వేలిముద్రల యంత్రం కూడా వెలిసింది. కాజీపల్లి ఫ్యాక్టరీ సైరన్ విని గంట కొట్టుకునే మాకు అది కొత్త యుగం. నెల తిరిగేసరికి యంత్రం ఇచ్చిన జాబితా చూసి పైఆఫీసు నివ్వెరపోయింది. మా ఉపాధ్యాయులందరూ తెల్లవారుజామున నాలుగూ ఇరవైకే బడికి వచ్చేస్తున్నారు! హెడ్మాస్టరు చంద్రకాంత్ గారు ఐదూ పదికి. నేనైతే అర్ధరాత్రి పన్నెండున్నరకే!

నిజానికి నేను వచ్చేది పొద్దున ఆరింటికి. ఈ ఏడు మా ఇంట్లో చాయ్ గ్లాసులు రెండు కాస్తా ఒకటయ్యాయి. అందుకని తొందరగా బయలుదేరతాను. ఇందులో నా గొప్పేమీ లేదు.

బడికి సన్మానం ఖాయమైంది. చిక్కల్లా సోమమ్మతోనే. ఆమె మా స్వీపరు. రోజూ ఐదూ పదికి వచ్చి, గేటు తీసి, బడంతా ఊడ్చి, ఏడింటికి ఇంకో పనికోసం ఫ్యాక్టరీ బస్సెక్కుతుంది. యంత్రం ప్రకారం మాత్రం ఆమె ప్రతి శనివారం గైర్హాజరు. ప్రతి ఆదివారం రాత్రి పదకొండూ నలభైకి బడిలోకి అక్రమ ప్రవేశం! ఆమెను పనిలోంచి తీసేసే కాగితం తయారైంది. రోజూ ఆమెను నా కళ్లతో చూస్తున్నానని రాసిచ్చాను. యంత్రం ముందు మనిషి సాక్ష్యం చెల్లదన్నారు.

మా పాత విద్యార్థిని ఇక్రాకు ఫోన్ చేశాను. తెల్లాపూర్‌లో ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగం. అధికారి సత్తిబాబు గారు శాలువాతో వచ్చిన రోజే ఆమె ల్యాప్‌టాప్‌తో వచ్చింది. అందరి ముందే యంత్రం లాగ్, అంటే అది రాసుకున్న రాకపోకల చిట్టా, తెరిచింది.

"లోపల గంటలు, నిమిషాలు ఏముండవు సార్. 1970 నుంచి ఎన్ని సెకన్లు గడిచినయో ఒక పెద్ద అంకె ఉంటది, గంతే. దాన్ని టైమ్‌గా చదివి చెప్పేది లైబ్రరీ."

"మా లైబ్రరీకి మూడేండ్ల సంది తాళమే ఉన్నది గదమ్మా!" అన్నారు హెడ్మాస్టరు.

"అది ప్రోగ్రాం లైబ్రరీ సార్! మన దేశం టైమ్ కావాలని చెప్పకపోతే లండన్ టైమ్ చదివి ఇస్తది. దానికి ఐదున్నర గంటలు కలపాలె. సోమమ్మ వచ్చింది ఆదివారం రాత్రి కాదు, సోమవారం పొద్దుగాల ఐదూ పదికి. గట్లనే శనివారం పొద్దుగాల వచ్చింది శుక్రవారం రాత్రి లెక్కల పడ్డది."

సోమమ్మ ముఖం వెలిగింది. చంద్రకాంత్ గారు మాత్రం తన ఐదూ పదికి ఐదున్నర కలిపి వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. పదీ నలభై! మా బడి గంట తొమ్మిదిన్నరకు. స్టాఫంతా ఒక్కసారిగా దగ్గింది.

"యంత్రం అబద్ధం చెప్పదు!" అని ఆయన గర్జించారు. "లండనైనా లింగంపల్లైనా, రాసింది రాసిందే!"

"గట్లనే కానీయుండ్రి సారూ," అంది సోమమ్మ. "గేటు తాళపుచెవి నా కొంగుకే ఉంటది. నేను రాని శనివారం, గంత చీకట్ల, మీరంత లోపలికి ఎట్లొచ్చిర్రు?"

సత్తిబాబు గారు హెడ్మాస్టరు వైపు తిరిగారు.

"గోడ దూకినం సార్! విద్యాభివృద్ధి కోసం. వరుసగా!"

"అద్భుతం! ఒక్కసారి దూకి చూపించండి. ఫోటో తీసి పైకి పంపుతాను."

ఏడడుగుల గోడ. పైన గాజుపెంకులు. చంద్రకాంత్ గారు గోడను చూశారు, శాలువాను చూశారు.

"సోమమ్మ చాలా నిజాయితీపరురాలు సార్!" అన్నారు.

కాగితం చిరిగింది. సోమమ్మకు పని దక్కింది. బడికి సన్మానమూ దక్కింది! మర్నాడే బోర్డు మీద కొత్త ఉత్తర్వు: "యంత్రము చూపు వేళలకు ఐదున్నర గంటలు కలుపవలెను. ఈ సవరణ స్వీపర్లకు మాత్రమే వర్తించును."

మిగిలిన మేమంతా ఇప్పటికీ లండన్ వేళకే పనిచేస్తున్నాం. నేను ఆరింటికి వెళ్లేసరికి సోమమ్మ గేటు దగ్గర ఉంటుంది.

"ఏంది సారూ, అర్ధరాత్రే వచ్చిర్రు!" అని నవ్వి, ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో చాయ్ పోస్తుంది.