పాత డిటెక్టర్, కొత్త డిటెక్టర్, ఒంటి సాక్సు

శనివారం ఉదయం ఎనిడ్ భర్త బ్యాగు సర్దుతోంది. రెండు చొక్కాలు, ఒక స్వెట్టరు, కీళ్ళనొప్పుల మాత్రలు, మైనపు కాగితంలో చుట్టిన చీజ్ శాండ్‌విచ్‌లు, ఉల్లిపాయల ఊరగాయ సీసా. చివరగా బూడిదరంగు ఊలు సాక్సు ఒకటి, గోధుమరంగుది ఒకటి పెట్టింది. వాటి జతలను బీరువాలోనే ఉంచి తాళం వేసింది. ఇంట్లో తొడుక్కునే చెప్పుల్లో కూడా ఎడమది మాత్రమే బ్యాగులోకి వెళ్ళింది.

ఇది మతిమరుపు కాదు. ఎనిడ్‌కు ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న యుద్ధానికి వెళ్తూ బ్యాగు సర్దుకున్నాడు. అన్నీ జతలుగా, పొందికగా, ఏ లోటూ లేకుండా సర్దుకున్నాడు. గేటు దగ్గర ఆమె బుగ్గ నిమిరి వెళ్ళినవాడు మళ్ళీ ఆ గేటు తియ్యలేదు. ఇంట్లో ఏదో ఒకటి మిగిలిపోయి ఉంటే, మనిషి దాని కోసమైనా తిరిగి వస్తాడని ఆ పిల్ల తీర్మానించుకుంది. డెబ్భై ఒకటో ఏట కూడా ఆ తీర్మానం మారలేదు.

"ఈసారైనా రెండో చెప్పు పెట్టకూడదూ?" అన్నాడు హోరేస్ టీ తాగుతూ. "పోయినసారి ఆ బస ఇంటావిడ నాది చెక్కకాలనుకుని కింద గది ఇచ్చింది."

"మంచిదేగా. మెట్లెక్కే బాధ తప్పింది."

హోరేస్ మధ్యాహ్నం బయల్దేరి దూరాన ఉన్న విల్ట్‌షైర్ వెళ్ళాలి. అక్కడ ఎవరో రైతు పొలంలో, నాణేలు వెతికే వాళ్ళంతా చేరి రెండు రోజులు మోకాళ్ళ మీద తిరుగుతారు. తీసుకెళ్ళేది అతని చెల్లెలి మొగుడు సిరిల్. అతనికి కారుంది, అన్నిటి మీదా అభిప్రాయాలూ ఉన్నాయి. ప్రస్తుతం అతని అభిప్రాయమంతా, నేలలోని లోహాన్ని పసిగట్టి కూసే హోరేస్ పాత డిటెక్టర్ మీద ఉంది.

"బావా, ఆ రేకుడబ్బాని ఇంకా ఎన్నాళ్ళు మోస్తావు?" అంటూ సిరిల్ వంటింట్లోకి వచ్చాడు. రెండు చేతుల్లోనూ రెండు కొత్త యంత్రాలు. "ఇదిగో, ఒకటి నీకు. తెర మీద నంబరే వస్తుంది. ఇనుప మేకయితే నోరెత్తదు. నాణెమైతేనే పలుకుతుంది."

"నాది అన్నిటికీ పలుకుతుంది. ఏదేమిటో నేను చెప్పుకుంటాను. మేకుకైతే బొంగురు గొంతు, నాణేనికైతే పిట్ట గొంతు."

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ బొంగురు గొంతు ఎవరు వింటారు?"

"ఇన్నేళ్ళూ నీది వినలేదూ?"

సిరిల్ వెనకే అతని భార్య మ్యూరియల్ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎదురిల్లే వాళ్ళది. సిరిల్ తవ్వి తెచ్చిన నాణేలు, బొత్తాలు, బుల్లెట్లు భోజనాల బల్ల నిండా పరిచి ఉంటాయి కనుక, ఆమె చాలా ఏళ్ళుగా వంటింట్లో నిలబడే తింటోంది. "ఏదో ఒకటి తేల్చుకుని త్వరగా బయల్దేరండి. రోడ్డు మీద రద్దీ పెరుగుతుంది," అంది నవ్వుతూ. ఆడపడుచు అంత ఉత్సాహంగా మాట్లాడటం ఎనిడ్‌కు వింతగా అనిపించింది.

ఏ యంత్రం వెళ్ళాలో పొలంలోనే తేల్చుకుందామని బావలిద్దరూ నిర్ణయించుకున్నారు. ఊరి చివర ప్లమ్‌స్టెడ్ అనే రైతు బార్లీ చేను కోత అయిపోయింది. యుద్ధకాలంలో అది విమానాల మైదానం. హోరేస్ ఒక పాత పెన్నీ నాణేన్ని పారతో జానెడు లోతున పాతిపెట్టాడు. పాత యంత్రంతో అతను తూర్పు నుంచి, కొత్త యంత్రంతో సిరిల్ పడమర నుంచి దాని మీదికి రావాలి. ముందు ఎవరిది పలికితే అది గెలిచినట్టు. ఎనిడ్ ఫ్లాస్కు పట్టుకుని కంచె దగ్గర నిలబడింది. విమానాలు అక్కడి నుంచి లేవడం ఆమె చిన్నప్పుడు చూసింది. వెళ్ళినవాటినీ వచ్చినవాటినీ చేతివేళ్ళ మీద లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసిన పిల్లల్లో ఆమె ఒకతె.

ఇద్దరూ ఎదురెదురుగా నడిచారు. పెన్నీకి ఇంకా చాలా దూరం ఉండగానే రెండు యంత్రాలూ ఒక్కసారిగా అరిచాయి. పిట్ట గొంతూ కాదు, బొంగురు గొంతూ కాదు. పందిని కోస్తున్నట్టు అరిచాయి. సిరిల్ తెర మీద అంకెలు పిచ్చెక్కినట్టు తిరిగాయి.

"వెనక్కి వెళ్ళు బావా!" అన్నాడు సిరిల్.

హోరేస్ వెనక్కి జరిగాడు. అరుపు ఆగింది. ముందుకొచ్చాడు. మళ్ళీ అరుపు. పక్క చాలులోకి జరిగి చూశారు. అక్కడా అంతే. ఇంకా పక్కకు, అక్కడా అంతే.

సిరిల్ ముఖం పిండి రాసినట్టయింది. "బావా, ఇక్కడ విమానాలకి బాంబులు ఎక్కించేవాళ్ళు కదూ?"

"ఎక్కించేవాళ్ళు."

"అన్నీ ఎక్కించారంటావా?"

హోరేస్ ఆలోచించాడు. ఆలోచిస్తుండగానే ఎత్తిన ఎడమకాలు గాలిలో ఆగిపోయింది.

"కదలకు! యంత్రం ఆపకు! ఆపితే పేలినా పేలొచ్చు!" అని సిరిల్ కేక పెట్టాడు. ఆపితే ఎందుకు పేలుతుందో అతనికీ తెలియదు. కానీ అది అతని అభిప్రాయం. భయంతో తోడు కోసం అతనే హోరేస్ దగ్గరికి జరిగాడు. యంత్రాలు ఇంకా గట్టిగా అరిచాయి.

ఎనిడ్ చేతిలోంచి ఫ్లాస్కు జారింది. ఇలాంటి రోజు వస్తుందనే ఆమె గౌను జేబులో ఫోను పెట్టుకుని తిరుగుతోంది. "బాంబు," అంది పోలీసులతో. "ఎంతుందో తెలీదు. చేనంతా ఉన్నట్టుంది. మా ఆయన దాని మీద ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు."

అప్పటికి ప్లమ్‌స్టెడ్ ట్రాక్టరు మీద వచ్చాడు. "మా నాన్న ఎప్పుడూ అంటుండేవాడు, ఆ మూల దున్నొద్దని," అన్నాడు. తడి నేలలో ట్రాక్టరు దిగబడుతుందని వాళ్ళ నాన్న అలా అనేవాడు. ఆ సంగతి చెప్పడం అతను మరిచిపోయాడు. వచ్చిన పోలీసులు ఆ మాట రాసుకున్నారు. చేను చుట్టూ టేపు కట్టారు. తర్వాత రోడ్డు మూశారు. తర్వాత, ఊరివాళ్ళు ఇప్పటికీ క్షమించని విధంగా, సరిగ్గా భోజనాల వేళ పబ్ మూయించారు. ఊరంతా ఖాళీ చెయ్యాలన్నారు. మనిషికి ఒక చిన్న బ్యాగు మాత్రమే. నారిచ్ పట్నంలో ఒక హాల్లో బస ఏర్పాటు చేశామన్నారు. బడి బస్సులు వచ్చి చర్చి ముందు ఆగాయి.

జనం పిల్లుల్నీ, పెళ్ళి ఫోటోల్నీ పట్టుకుని పరుగెత్తారు. ఎనిడ్ ఎక్కనంది. టేపు దగ్గర కాపలా ఉన్న పోలీసమ్మాయి మోచేతిని పట్టుకుని వదల్లేదు.

"అమ్మా, మీరిక్కడ ఉండకూడదు."

"ఆయన అక్కడున్నాడు. నేనెక్కడుంటాను?"

అప్పుడు మ్యూరియల్ వచ్చింది. మంచి కోటు, మంచి బూట్లు, పెదాలకు రంగు. వెనకాల చక్రాల మీద పెద్ద సూట్‌కేసు దొర్లుతోంది. అంత భయంలోనూ ఎనిడ్ ఆశ్చర్యపోయింది.

"ఇంత తొందరగా ఎలా సర్దావే?"

"సర్దే ఉంది వదినా."

తనలాగే ఈమె కూడా ఎప్పుడూ భయపడుతూ బతుకుతోందన్నమాట. ఎనిడ్‌కు ప్రాణం కాస్త కుదుటపడింది. "అన్నీ రెండేసి పెట్టలేదు కదా? ఒక సాక్సు ఇంట్లో ఉంచావు కదా?"

"రెండూ పెట్టేశాను," అంది మ్యూరియల్. తర్వాత ఎనిడ్‌ను గట్టిగా కౌగిలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. ఆ ఊళ్ళో ఎవరైనా పోయినప్పుడు తప్ప ఎవరూ అలా చెయ్యరు. బాంబు మనిషిని ఎంత మెత్తబరుస్తుందో అనుకుంది ఎనిడ్. "మా అన్నయ్యకేం కాదు. వస్తాడులే," అని మ్యూరియల్ బస్సెక్కింది. చేనువైపు తిరిగి చూడలేదు. ఆ బస్సు ఎప్పుడు కదిలిందో ఎనిడ్ కూడా చూడలేదు. ఆమె కళ్ళన్నీ ఆ గాలిలోని ఎడమకాలి మీదే ఉన్నాయి.

సైన్యం వచ్చేసరికి హోరేస్ పారకు ఆనుకుని కొంగలా నిలబడి ఉన్నాడు. వచ్చిన కెప్టెన్ ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. మెల్లగా చేనులోకి నడిచి, ఇద్దరినీ, రెండు యంత్రాలనూ మార్చి మార్చి చూసింది.

"అది ఆపండి," అంది సిరిల్‌తో.

"ఆపితే మనమంతా..."

ఆమే చెయ్యి చాపి మీట నొక్కింది. చేనంతా నిశ్శబ్దం. ఎక్కడో భరత పక్షి కూసింది. ఆమె మళ్ళీ నొక్కింది. రెండూ అరిచాయి. మళ్ళీ ఆపింది. నిశ్శబ్దం.

"కింద ఏమీ లేదు," అంది. "ఇవి ఒకదాన్నొకటి చూసి అరుస్తున్నాయి. రెండు యంత్రాల్ని ఇంత దగ్గర పెడితే అంతే. దీంతో ఇచ్చిన పుస్తకం చదవలేదా?"

"పెట్టెలో ఉంది," అన్నాడు సిరిల్. "తియ్యలేదు."

అయినా సైనికులు తమ పరికరాలతో ఆ మూలంతా వెతికారు. జానెడు లోతున ఒక పెన్నీ దొరికింది. కెప్టెన్ దాన్ని తుడిచి హోరేస్ చేతిలో పెట్టింది. "మీదేననుకుంటాను."

ఎనిడ్ టేపు కిందనుంచి దూరి పరుగెత్తింది. హోరేస్ కాలు దించలేకపోతున్నాడు. ఆమె వంగి రెండు చేతులతో ఆ కాలు పట్టుకుని నేల మీద ఆనించింది. ఆనించాక కూడా వదల్లేదు.

"ఇక వదులు ఎనిడ్. వచ్చేశాను కదా."

"ఏ యంత్రం తీసుకెళ్తావు?"

"ఏదీ తీసుకెళ్ళను. ఇంటికి పోదాం. రెండో చెప్పు అక్కడే ఉంది."

సాయంత్రానికి బస్సులు తిరిగొచ్చాయి. పబ్ తెరిచారు. దిగినవాళ్ళంతా బావలిద్దరినీ తిడుతూ నేరుగా లోపలికి నడిచారు. సిరిల్ కొత్త యంత్రాన్ని చంకలో పెట్టుకుని ఒక్కో బస్సు మెట్ల దగ్గరా నిలబడ్డాడు. ఆఖరి బస్సు కూడా ఖాళీ అయింది.

"మా ఆవిడ ఏది?"

"మంచి కోటావిడా?" అన్నాడు డ్రైవరు. "హాలు దాకా రాలేదండీ. రైలు స్టేషను దగ్గర ఆపమంది. సూట్‌కేసు నేనే దించాను. అబ్బో, ఏం బరువు!"

"ఏదో కొనుక్కోడానికి వెళ్ళుంటుంది," అన్నాడు సిరిల్. ఇంటికెళ్ళి వరండా దీపం వేశాడు. భోజనాల బల్ల మీద నాణేలు పక్కకు తోసి, ఒక పళ్ళానికి చోటు చేశాడు.

ఎనిడ్ తోడుగా వెళ్ళింది. అతను టీకి నీళ్ళు పెడుతుండగా ఆమె మేడెక్కి మ్యూరియల్ సొరుగు తెరిచింది. లోపల ఏమీ లేదు. మూలల్లో వేళ్ళు పెట్టి వెతికింది. ఒంటి సాక్సు ఒక్కటైనా మిగల్లేదు. సొరుగు మెల్లగా మూసి కిందికి వచ్చి, సిరిల్ ఇచ్చిన టీ తాగింది.

ఆ రోజు హోరేస్ తిరిగొచ్చాడు, సిరిల్ తిరిగొచ్చాడు, పెన్నీ కూడా తిరిగొచ్చింది. మ్యూరియల్ రాలేదు. అది 2008 సెప్టెంబరు 13, శనివారం.