చంద్రునికీ చెరకు బండికీ పందెం

అంతరిక్ష పరిశోధన నత్తనడక నడుస్తోందని ఎవరైనా విసుక్కుంటే వాళ్ళను వెంటనే బోధన్ రోడ్డుకు పంపండి! నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. ఆ పెద్దలకు రాకెట్టు తెలియకపోవచ్చు గానీ చెరకు బండి బాగా తెలుసు.

నందిపేట్ లింబయ్యనే చూడండి. ఈ డెబ్బయి ఒకటి ఫిబ్రవరిలో ఏ రోజు రాకెట్టు చంద్రునికి బయల్దేరిందో, సరిగ్గా ఆ రోజే ఆయన బండి చంద్రమౌళి ఖండసారి చక్కెర మిల్లు ముందు లైన్లో నిలబడింది. ఏడాదంతా పెంచిన చెరకు. నరికాక ఎండకముందే కాంటా ఎక్కాలి, లేదంటే రసమూ బరువూ గాలికి పోతాయి. రాకెట్టుకు దారి రెండు లక్షల నలభై వేల మైళ్ళు. లింబయ్యకు రెండు ఫర్లాంగులు. పోటీ అంటే ఇదీ!

రాకెట్టు ఇంకా దారిలోనే ఉందని మూడోనాడు చాయ్ హోటల్ ట్రాన్సిస్టరు చెప్పింది. లింబయ్యకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

"మనమే నయం దశరథన్నా, మనకు గేటన్న కనవడ్తున్నది!" అన్నాడు వెనక బండి దశరథంతో.

పైగా ఆయన ఎద్దులు ముందు బండి చెరకును కసకసా నమిలేస్తున్నాయి. లింబయ్య వద్దనలేదు. రాకెట్టులో వాళ్ళకు గొట్టాల్లో కూడు, తన ఎద్దులకు నడిరోడ్డు మీద విందు! ఆలస్యం అమృతం విషం అన్నవాడెవడు? నవ్వుకుంటూ నాలుగు రోజులు గడిపేశాడు. తన బండి వెనక ఏం జరుగుతోందో ఒక్కసారీ చూడలేదు. దశరథం కూడా తన ఎద్దుల్ని వద్దనలేదు మరి!

అయిదోనాడు రాకెట్టు చంద్రుని మీద దిగింది, లింబయ్య బండి కాంటా ఎక్కింది. అంతరిక్షం మన మిల్లు వేగాన్ని ఇప్పుడిప్పుడే అందుకుందన్నమాట!

కాంటా గుమస్తా ఆత్మారాం తూకం చదివాడు. తెచ్చినదాంట్లో సగం కూడా లేదు. ఎండ తిన్నది కొంత, దశరథం ఎద్దులు తిన్నది కొంత, సరే. మిగతాది ఎవరు తిన్నారు? లింబయ్యకు ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగాక ట్రాన్సిస్టరులో విన్న వింత ఒకటి గుర్తొచ్చింది. చంద్రుని మీద ఏ వస్తువైనా ఆరో వంతే తూగుతుందట.

"ఆత్మారాం సారూ, ఒక్క మాట చెప్పుండ్రి. గీ కాంటా ఏమన్న సంద్రుని మీద వెట్టిండ్రా?"

గుమస్తా తల కూడా ఎత్తలేదు. "ఎనక బండి రానీ!" అన్నాడు.

కాబట్టి శాస్త్రజ్ఞులారా, మీకేం తొందర లేదు. శుక్రుడూ అంగారకుడూ ఎక్కడికీ పోరు. ఈసారి చంద్రుని దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం, వచ్చేటప్పుడు రాళ్ళకు బదులు మా కాంటాను భూమ్మీదికి దింపుకొని రండి.