నున్నని ర్యాంపు వల్ల లాభాలు

ఆరుబయటి ర్యాంపుకు అద్దంలా మెరిసే గ్రానైట్‌ను మించిన నేల లేదని నా నిశ్చితాభిప్రాయం. వాననీటిని తనలోంచి కిందికి ఇంకనిచ్చే గరుకు రాళ్లున్నాయని, వాటిమీద చక్రమూ చెప్పూ జారవని కొందరంటారు. ఉంటే ఉండనీయండి! జారని నేల మనిషికి ఏం నేర్పుతుంది?

ఘర్షణ గురించి ఉద్యోగకాలమంతా గొంతు చించుకుని పాఠాలు చెప్పినవాణ్ణి. ఒక్క విద్యార్థికీ తలకెక్కలేదు. మా భవనం ర్యాంపు తొలివానకే అందరికీ నడుములదాకా ఎక్కించింది. పాలాయన, కొరియర్ మనిషి, పై అంతస్తువారి కొత్త అల్లుడు, అందరూ భౌతికశాస్త్రం ముందు సాష్టాంగపడ్డారు.

ఆ రాయిని ఎంచింది మా కమిటీ. ఎంపిక ఎంత శాస్త్రీయమనుకున్నారు! నమూనాలను ఫ్యాను కింద బల్లమీద పరిచి, సభ్యులంతా వంతులవారీగా అరచేత్తో నిమిరి చూశారు. అరచేతులతో నడిచేవారికి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? నా ముందున్న గ్లాసెడు నీళ్లు వాటిమీద పోసి చూద్దామన్నాను. బల్ల తడుస్తుందని వారించారు. నీరింకే రాయిని అధ్యక్షులవారు వెలుతురుకు ఎత్తిపట్టి పరిశీలించారు.

"చిల్లులుంటే జల్లెడవుతుంది గానీ నేలెలా అవుతుందండీ, మాస్టారూ?"

సభ ఘొల్లుమంది. తీర్మానం ఏకగ్రీవం, నేను తప్ప.

అసలు ర్యాంపు కావాలని అడిగింది మా అక్కయ్య. ఆమెది చక్రాల కుర్చీ. వీధి చివరి గ్రంథాలయానికి ఎవరి చేయీ ఆసరా లేకుండా వెళ్లిరావాలని ఆమె పట్టుదల. ర్యాంపు వచ్చింది, వెనకే వానలూ వచ్చాయి. తడిరాతిమీద బ్రేకు వేసినా కుర్చీ ఆగలేదు. వాచ్‌మన్ అడ్డుపడకపోతే నేరుగా వెళ్లి గేటుకు గుద్దుకునేదే.

దాంతో కమిటీ ర్యాంపుకు అడ్డంగా గొలుసు కట్టి, వానాకాలంలో వాడరాదని బోర్డు పెట్టింది. ఎంత దూరదృష్టి! ఎవరూ ఎక్కని ర్యాంపుమీద ఎవరైనా జారిపడిన దాఖలా ఉందా? పైగా అది అరగదు, మాయదు. వచ్చేపోయేవారు అందులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. అక్కయ్యకు మాత్రం నష్టమేమిటి? చదివిన పుస్తకాలే మళ్లీ చదువుకుంటుంది. కొత్తవి చదివితే కొత్త అనుమానాలు పుడతాయి గదా!

ఇంతలో పార్కింగు నేలమీద నిలిచిన నీటిలో అధ్యక్షులవారి కారు జారి, గోడకు తగిలి, ముందు దీపం పగలగొట్టుకుంది. అత్యవసర సమావేశం జరిగింది. ఈసారి రాళ్లమీద బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరించి మరీ పరీక్షించారు. కొద్దిరోజుల్లోనే పార్కింగంతా జల్లెడ రాళ్లు పరుచుకున్నాయి. వాన పడిన చుక్క పడినట్టే ఇంకిపోతోంది. విజ్ఞానానికి ఇంతకంటే ఘనవిజయం ఉందా?

మిగిలిన రాళ్లు ర్యాంపుకు వేయిద్దామా అని అడిగాను.

"దాన్నెలాగూ ఎవరూ వాడట్లేదు కదండీ," అన్నారు అధ్యక్షులవారు, ఎంతో మర్యాదగా.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అక్కయ్య కిటికీలోంచి, కాలికింద తడి లేకుండా దర్జాగా నిలుచున్న కార్లను చూస్తూ ఉండిపోయింది.

"వచ్చే జన్మంటూ ఉంటే కారునై పుడతానురా, తమ్ముడూ."

పునర్జన్మకు ఆధారాలు లేవని ఆమెతో ఏళ్లతరబడి వాదిస్తున్నవాణ్ణి. ఆ పూట మాత్రం వాదించలేదు.