అత్యంత ఖాళీ సభ్యుడు

మంగళవారం ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలకు రివర్స్ బాబాయి ఫోన్ చేసి "ఖాళీ" అన్నారు. అంతకు ముందు నూట పద్దెనిమిది రోజులు ఆయన ఇదే వేళకు ఇదే మాట అన్నారు. నూట పంతొమ్మిదో రోజున వ్యవస్థ ఆగిపోయింది.

మనిషి కనిపెట్టిన వ్యవస్థల్లో లోపం లేనిది ఒక్కటే ఉందని విశ్రాంత అంబులెన్సు సిబ్బంది పరస్పర సహాయ సంఘం నియమావళి మొదటి పేజీలో చెబుతుంది. అది తమదేనని రెండో పేజీలో చెబుతుంది.

సంఘంలో పంతొమ్మిది మంది ఉన్నారు. రోజూ ఉదయం ఏడు నుంచి ఏడుంపావు లోపల ప్రతి సభ్యుడూ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి మూడు మాటల్లో ఒకటి చెప్పాలి: ఖాళీ, కేసు, రిపేరు. సర్వీసులో ఉండగా ఇవి వైర్‌లెస్‌లో బండి గురించి చెప్పే మాటలు. బండిలో పేషెంటు ఉంటే కేసు. బండి చెడిపోతే రిపేరు. పేషెంటును దించేసి మరో పిలుపు కోసం చూస్తుంటే ఖాళీ. రిటైరయ్యాక బండ్లు లేవు కాబట్టి ఈ మాటలను మనుషులకే వాడుకోవాలని సంఘం తీర్మానించింది. (చర్చ జరగలేదు. అప్పటికే భోజనాల వేళ అయింది.)

కంట్రోల్ రూమ్ అంటే కంట్రోల్ అక్కయ్య ఇంట్లో భోజనాల బల్ల. ఇల్లు ఒక సందు చివర ఉంటుంది. ఆమె ఇరవై ఆరేళ్లు సర్వీసు కంట్రోల్‌లో ఫోన్లు ఎత్తారు. రివర్స్ బాబాయి ముప్ఫై ఒక్కేళ్లు అంబులెన్సు నడిపారు. ఎంత ఇరుకు సందయినా చివరి గుమ్మం దాకా బండిని వెనక్కి తీసుకెళ్లేవారు, పేషెంటు ఎక్కాక ముందుకు దూసుకుపోవచ్చని. ఆయన ఆమెను అక్కయ్యా అంటారు, ఆమె ఆయన్ని బాబాయ్ అంటారు. ఈ చుట్టరికం ఎలా కుదిరిందో సంఘం తేల్చలేదు. ఇన్నేళ్లలో ఇద్దరూ ఎదురుపడింది మూడుసార్లు. మిగతాదంతా గొంతే.

బాబాయి రెండేళ్లపాటు రోజూ "కేసు" అని చెప్పారు. పిన్నికి ఒంట్లో బాగుండేది కాదు. ఆ తర్వాత "ఖాళీ" అని చెప్పడం మొదలుపెట్టారు. రిజిస్టరులో మాట మారింది. కారణం రాసే గడి రిజిస్టరులో లేదు.

రిపేరు అన్నవారి ఇంటికి ఖాళీ అన్నవారు ఎనిమిది నిమిషాల్లో చేరాలన్నది నాలుగో నియమం. పని అయ్యాక పది నిమిషాల్లో బండి కదలాలన్నది ఆరో నియమం. ఈ రెంటి ప్రకారం బాబాయి తన పాత కారులో నూట పద్దెనిమిది రోజుల్లో తొంభై నాలుగు కేసులు చూశారు. ఒకరికి నడుము పట్టేసింది. ఒకరికి కళ్లజోడు కనిపించలేదు (నెత్తిమీదే ఉంది). ఒక రిటైర్డ్ నర్సుకు బీపీ సున్నా చూపించింది. మిషన్‌లో బ్యాటరీ మార్చాక కోలుకున్నారు. ప్రతి ఇంట్లోనూ "కూర్చో బాబాయ్" అన్నారు. ప్రతిసారీ ఆయన వాచీ చూసుకుని లేచారు.

వార్షిక సమావేశంలో ఆయనకు షీల్డు ఇచ్చారు. దాని మీద "ఈ ఏడాది అత్యంత ఖాళీ సభ్యుడు" అని ఉంది.

"ఇంత ఖాళీగా ఉన్న మనిషిని నా సర్వీసులో చూడలేదు," అన్నారు అధ్యక్షుడు ముందుపట్టు. అందరూ చప్పట్లు కొట్టారు.

ముందుపట్టు స్ట్రెచరును ముందువైపు పట్టుకున్నవారు. వెనక పట్టుకున్నవారు కార్యదర్శి వెనకపట్టు. ఇద్దరూ ఇరవై ఎనిమిదేళ్లు కలిసి మోశారు. సమావేశాల్లో కూడా కార్యదర్శి అధ్యక్షుడి వెనకే కూర్చుని, ప్రతి తీర్మానానికీ "మెల్లగా" అంటారు.

బాబాయి షీల్డును ఇంటికి తీసుకెళ్లి రెండో కుర్చీలో పెట్టారు. మర్నాడు సంఘానికి దరఖాస్తు రాశారు: ఇంటికి ఎవరైనా ఒకరు రావాలి. దరఖాస్తు ఫారం పాత ఎమర్జెన్సీ ఫారమే. స్పృహ ఉందా? ఉంది. ఊపిరి ఆడుతోందా? ఆడుతోంది. రక్తం పోతోందా? లేదు. ఫలితం: కేసు కాదు.

అధ్యక్షుడు ఫోన్ చేశారు.

"ఏంటి బాబాయ్, గుండెలో కాస్త బరువుగా ఉందని రాస్తే పోయేది కదా! ఎనిమిది నిమిషాల్లో సంఘమంతా నీ గుమ్మంలో ఉండేది."

"బండిలో పేషెంటు లేకుండా ఎప్పుడైనా సైరన్ వేశానా నేను?"

"వేయలేదనుకో."

"మరి ఇప్పుడెందుకు వేయమంటావు?"

అధ్యక్షుడు నియమావళి తిరగేశారు.

"సరే, రేపు పొద్దున కూడా ఖాళీయేనా?"

"ఖాళీయే."

మంగళవారం ఏడూ పన్నెండుకు అక్కయ్య ఆయన్ని బీరువా తలుపు తెరుచుకోని ఒక కేసుకు పంపబోయారు. సర్వీసులో ఖాళీ అని వినగానే కంట్రోల్ "ఎక్కడ" అని అడగాలి. రిటైరయ్యాక అందరూ ఇళ్లలోనే ఉంటున్నారని సంఘం ఆ ప్రశ్న తీసేసింది. ఆ రోజు అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"ఎక్కడ ఖాళీ, బాబాయ్?"

"ఇల్లు."

"ఇంట్లోనే ఉన్నావని తెలుసులే. ఎక్కడ ఖాళీ అని."

"అదే చెబుతున్నా అక్కయ్యా. ఇల్లే ఖాళీ."

అక్కయ్య కలం ఆగింది. గడిలో బండికి చోటుంది, మనిషికి చోటుంది. ఇంటికి లేదు. ఆమె బీరువా కేసును పక్కన పెట్టి అధ్యక్షుడికి ఫోన్ చేశారు.

పదకొండు గంటలకు అత్యవసర సమావేశం జరిగింది. ఇల్లు ఖాళీ కావచ్చా అన్న అంశంపై రెండు గంటలు మాట్లాడారు. ఒకరు కావచ్చన్నారు. ఒకరు, ఇల్లు కదలదు కాబట్టి అది రిపేరు కింద వస్తుందన్నారు. అప్పుడు అధ్యక్షుడి వీపు వెనకనుంచి కార్యదర్శి "మెల్లగా" అన్నారు. ఆ తర్వాత ఆగలేదు.

"బండి ఖాళీ అయితే దానికి కేసు పంపుతాం. ఇల్లు ఖాళీ అయితే దానికి బండ్లను పంపాలి. దాన్నే స్టాండు అంటారు."

తీర్మానం ఏకగ్రీవం. బాబాయి ఇల్లు ఇకమీదట సంఘం స్టాండు. ఖాళీగా ఉన్న సభ్యులు కేసు వచ్చేదాకా అక్కడే వేచి ఉండాలి. స్టాండుకు ఆరో నియమం వర్తించదు.

బుధవారం ఏడున్నరకల్లా పదకొండు మంది వచ్చారు. షీల్డును కుర్చీలోంచి తీయాల్సి వచ్చింది. ఉన్న కుర్చీలు ఎదురెదురుగా ఉండడంతో కార్యదర్శి అధ్యక్షుడికి ఎదురుగా కూర్చున్నారు.

"నీకు మీసం ఎప్పటినుంచి?" అన్నారు అధ్యక్షుడు.

"పెళ్లికి ముందునుంచి."

"ఎప్పుడూ చెప్పలేదే."

గురువారం ఏడూ పన్నెండుకు బాబాయి ఫోన్ చేసి "కేసు" అన్నారు.

"ఎంతమంది?" అన్నారు అక్కయ్య.

"పద్నాలుగు. పాలు చాల్లేదు. ఆ బీరువా తలుపాయన కూడా ఇక్కడే ఉన్నాడు, తలుపుతో ఆయనకిప్పుడు పనిలేదట."

సంఘం దీన్ని గమనించి షీల్డు వెనక్కి ఇవ్వాలని నోటీసు పంపింది. బాబాయి ఇచ్చేశారు.

శుక్రవారం నుంచి రిపేరు అన్నవారు కూడా స్టాండుకే నడిచి రాసాగారు, నడుము పట్టేసినాయనతో సహా. ఎదురుగా కూర్చున్న మనిషికి తాను ఖాళీ అని ఫోన్‌లో చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. సోమవారం ఏడు నుంచి ఏడుంపావు దాకా కంట్రోల్ రూమ్‌లో ఫోన్ మోగలేదు. ఇలాంటి పరిస్థితి గురించి నియమావళిలో లేదు. (కంట్రోల్ ఫోన్ ఎత్తుతుందని ఉంది. కంట్రోల్ ఫోన్ చేస్తుందని లేదు.)

ఏడూ ముప్ఫై ఒకటికి అక్కయ్య తానే ఫోన్ చేశారు. బాబాయి ఎత్తారు. వెనక ఎవరో నవ్వుతున్నారు, ఎవరో గ్లాసుల లెక్క సరిపోలేదంటున్నారు.

"చెప్పు, కంట్రోల్."

"ఖాళీ," అన్నారు అక్కయ్య.

ఎక్కడ అని బాబాయి అడగలేదు.

ఏడూ నలభై నాలుగుకు ఒక పాత కారు వెనక్కి నడుస్తూ సందు చివరి గుమ్మం దాకా వచ్చింది. ఎనిమిది నిమిషాల్లో రావాల్సినది పదమూడు పట్టింది. ఏడూ యాభైకి ఆలస్యానికి సంజాయిషీ కోరుతూ కంట్రోల్ మెమో రాసి, బల్లకు అవతల కూర్చున్న డ్రైవరు చేతికిచ్చింది. డ్రైవరు అందుకున్నట్టు సంతకం చేశారు.

సంజాయిషీ ఇంకా అందలేదు. ఆరో నియమం ప్రకారం పది నిమిషాల్లో కదలాల్సిన బండి పదకొండు గంటలకు సందు చివరే ఉంది.