సంచిలో పట్టిన ఊపిరి

ఆ ఉదయం భరణి వేసుకున్న పథకం చాలా చిన్నది. మోహనకృష్ణ లేవగానే, పచ్చిగంగ ముట్టకముందే, అతని ఊపిరి కాస్త సంచిలోకి పట్టాలి. తర్వాత చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగించి మైదానంలో పరుగెత్తించాలి. బ్రెడ్డు తిన్నవాడి ఒంట్లో సత్తువ ఎలా ఖర్చవుతుంది, అంబలి తాగినవాడి ఒంట్లో ఎలా ఖర్చవుతుంది అన్నదే ఆమె పరిశోధన. అందుకే విశాఖపట్నం నుంచి గరివిడి పక్కనున్న ఆ ఊరొచ్చి, మోహనకృష్ణ వాళ్ల పెరటిగదిలో దిగింది. అతనికీ ఈ లెక్కలు అవసరమే. ఆర్మీ సెలక్షన్ల పరుగు దగ్గరపడింది.

బయట మంచు ఇంకా విడలేదు. చాపమీద మోహనకృష్ణ వెల్లకిలా పడుకున్నాడు. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం, కళ్లు మూత. "కదలకు, మాట్లాడకు" అని భరణి ముందే చెప్పింది. పక్కన నల్లటి సంచి మెల్లమెల్లగా ఉబ్బుతోంది. అంబలి చెంబుతో వచ్చిన అతని మామ్మ మహాలక్ష్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరే కిష్ణా" అని పిలిచింది. రెప్ప కూడా కదల్లేదు. మనవడి బదులు ఆ నల్లటిదే బతికున్నట్టు కనిపించింది.

"మా వోణ్ణి ఏటి సేస్తన్నావమ్మా?"

భరణి వేలు పెదవులమీద పెట్టి, గొంతు తగ్గించింది. "ఊపిరి పడుతున్నానండీ. ఇంకాస్తే ఉంది. అదీ వచ్చేస్తే అయిపోతుంది."

మహాలక్ష్మమ్మ చప్పుడు చేయకుండా వెనక్కి నడిచింది. చేతిలో చెంబు ఒలికిపోయిన సంగతి ఆమెకే తెలియలేదు. ఊపిరి పట్టడం అయ్యాక ఖాళీ చెంబు అరుగుమీద కనిపించేసరికి, కుర్రాడు అంబలి తాగేశాడనుకుంది భరణి. కొలతలు అయ్యాక సంచిని కిటికీ దగ్గర చుట్టి, లోపలి గాలంతా బయటికి నొక్కేసి, అతన్ని మైదానానికి పంపి, మీటరు బ్యాటరీల కోసం చీపురుపల్లి బస్సెక్కింది.

మోహనకృష్ణ ఖాళీ కడుపుతో పరుగెత్తి సగంలోనే కూలబడ్డాడు. నీళ్లు చల్లితే అతను లేచాడు గానీ, అంతకుముందే మాట లేచి ఊరంతా తిరిగొచ్చింది.

మధ్యాహ్నం భరణి బస్సు దిగేసరికి వీధిలో అలికిడి లేదు. ఎదురైన ఆడవాళ్లు కొంగులతో, మగవాళ్లు తువ్వాళ్లతో ముక్కులు మూసుకుని గోడవారకు జరుగుతున్నారు. దుమ్ము కాబోలనుకుని ఆమె కూడా మాస్కు తగిలించుకుంది.

"సూసేవా, తనే ముక్కు మూసుకున్నాదంటే ఇంకేటో వదిలీసినాది" అని ఎవరో గొణిగారు.

పెరట్లో ఊరు ఊరంతా కూర్చుని ఉంది. ఎవరూ ఏడవడంలేదు, ఎవరూ తిట్టడంలేదు.  మధ్యలో మోహనకృష్ణ సున్నం కొట్టినట్టు పాలిపోయి కూర్చున్నాడు.

"మా వోడి ఊపిరి మాకిచ్చీ అమ్మా" అంది మహాలక్ష్మమ్మ నెమ్మదిగా.

"ఊపిరంటే గాలేనండీ. పోతుంది, వస్తుంది."

"సచ్చిపోయినోడికీ మనకీ తేడా ఏటి మరి? ఆ గాలే గదా?"

భరణి చుట్టిపెట్టిన సంచి తెచ్చి చూపించింది. 

"సంచి పొద్దున్నే ఖాళీ చేసేశాను, కిటికీలోంచి" అంది.

తలలన్నీ ఒక్కసారి కిటికీ వైపు తిరిగాయి. దాని బయట పక్కింటి లక్ష్మణమ్మ ముసలి గేదె నిలబడి వీళ్లనే చూస్తోంది.

"కర్రట్టుకు కొట్టినా లెగనిది పొద్దుట్నించి పలుపు తెంపుకొని గెంతుతన్నాది" అంది లక్ష్మణమ్మ పాలిపోయి. "నానేటో అనుకున్నాను."

సంచి బుస్సుమన్న చప్పుడుకు గేదె బెదిరి ఉంటుందని చెప్పబోయింది భరణి. వినేవాళ్లు లేరు.

"పట్టినదానివి నువ్వే. మా వోడికి తిరిగి ఎక్కించాల్సిందీ నువ్వే" అంది మహాలక్ష్మమ్మ.

అలా భరణి తన గొట్టాన్ని గేదె ముట్టెకు ఆనించి నిలబడవలసి వచ్చింది. పొద్దుట్నించీ నిలవని గేదె, కదలొద్దని ఎవరో చెప్పినట్టు, కళ్లు మూసుకుని ఊరుకుంది. సంచి ఉబ్బింది. మోహనకృష్ణ గొట్టం నోట్లో పెట్టుకుని ఒక్క గుక్క లోపలికి లాగాడు. అదే క్షణాన గేదె మోకాళ్లు మడిచి నేలమీద కూలబడింది. 

తర్వాత మామ్మ ఇచ్చిన అంబలి రెండు చెంబులు తాగాక అతని మొహంలోకి రంగు వచ్చింది. అంబలి మహిమ అనుకుంది భరణి. ఊరు వేరేలా అనుకుంది.

సెలక్షన్లలో అందరికంటే ముందొచ్చాడు మోహనకృష్ణ. దాంతో ముక్కులు మూసుకున్నవాళ్లే పొద్దున్నే కొడుకుల్ని వెంటబెట్టుకుని పెరటిగది ముందు వరసకట్టారు. "మా వోడిదీ పట్టమ్మా. ఆ గేదె దగ్గిరే వదులు."

వాళ్లకు సర్దిచెప్పి పంపి, భరణి ఆఖరి కొలత కోసం మోహనకృష్ణను కూర్చోబెట్టింది. మీటరు చూసి కళ్లు నులుముకుంది. అతని ఊపిరి నిండా మీథేన్. పశువులు వదిలే వాయువు. కొందరు మనుషుల్లోనూ ఉంటుందిలే అని ధైర్యం చెప్పుకుంటూ తలెత్తింది. అతను అరమోడ్పు కళ్లతో గోడకేసి చూస్తూ, దవడను నిదానంగా పక్కకి తిప్పుతున్నాడు.

"పరీక్షకు ముందు ఏమీ తినకూడదని తెలుసుగా. ఏమిటా నమలడం?"

"నానేటీ తిన్లేదు మేడం. ఇది రాత్రి తిన్నదే."