కలెక్టరు గారి సముద్రస్నానం

ఆ ఉదయం బస్సు ఆగిరిపల్లి దాటకముందే మహిళా మండలి అధ్యక్షురాలు హైమవతి ఆ రోజు కార్యక్రమం చదివి వినిపించింది. బందరులో కుట్టుపనుల ప్రదర్శన, తర్వాత భోజనాలు, మూడు గంటలకు గుర్రబ్బళ్లలో మంగినపూడి వెళ్లి గట్టు మీద నుంచి సముద్రం చూడటం. నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. కిందటేడు తడిచీరల వల్ల ఆలస్యమై ఇళ్లకు చేరేసరికి పొద్దుపోయింది. భర్తలందరూ సంతకాలు చేసి మండలికి ఉత్తరం రాశారు.

నలభై రెండేళ్ల రాజ్యలక్ష్మి ఇంతవరకూ సముద్రం చూడలేదు. మెడలోతు నీళ్లలో మూడు మునకలు వేయనిదే తిరిగి రానని వారం రోజులుగా మామిడితోటలో పనివాళ్లందరికీ చెప్పి బయల్దేరింది. గట్టు మీద నిలబడి చూసి వెళ్లి వాళ్లకేం చెప్పాలి? అందుకని ప్రదర్శనలో ఊలు మేజోళ్ల దగ్గర మెల్లగా తప్పుకొని, బంధువులకని తెచ్చిన కాయల బుట్టతో సహా ఒంటరిగా బస్టాండుకు వచ్చేసింది. మిగతావాళ్లు వచ్చేసరికి తను మునిగి, జుట్టు కూడా ఆరబెట్టుకోవచ్చు.

బుట్టలోవి కలెక్టరు కాయలు. కొసన ముక్కుతో పొడుగ్గా ఉండే ఆ మామిడి రకాన్ని నూజివీడు వైపు అలాగే అంటారు. కలెక్టరు కోతకొచ్చిందంటే అక్కడెవరూ కంగారుపడరు. బందరేమో జిల్లా కలెక్టరుండే ఊరు. అక్కడ ఆ మాటకు ఒకటే అర్థం.

మంగినపూడి బస్సు ఎక్కి, బుట్ట పెట్టుకుందామని రాజ్యలక్ష్మి ముందు సీటు మీద తువ్వాలు పరిచింది. ఆ సీటు ఎవరికని కండక్టరు పోతురాజు కింద నుంచి అడిగాడు.

"కలెక్టరుకి. కింద పెడితే మగ్గిపోద్ది," అంది.

ఇంజను చప్పుడులో పోతురాజుకు మొదటి మాటే వినబడింది. అతను డ్రైవరు చెవిలో ఊదాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. పావుగంట గడిచినా బస్సు కదల్లేదు. సంగతి తెలిసి ఒక కానిస్టేబులు వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. ఆ వెనకే అర్జీలు పట్టుకొని జనం ఎక్కారు. బుట్టను ఎవరూ తొక్కకుండా రాజ్యలక్ష్మి సీటు కిందికి తోసేసింది. మరో పావుగంటకు ఆవిడకు ఓపిక నశించింది.

"ఎందుకు ఆపావు బాబూ?"

"కలెక్టరు రావాలి కదండీ."

"కలెక్టరు ఎక్కింది, అరగంటయింది. పోనివ్వు."

తెలుగులో కాయకైనా ఆడమనిషికైనా 'ఎక్కింది' అనే అంటాం. పోతురాజు బస్సంతా కలయజూశాడు. ఉన్న ఆడమనిషి ఒక్కతే. కళ్లజోడు పెట్టుకుంది, నిటారుగా కూర్చుంది, ఎవరికీ భయపడే రకంలా లేదు. ఆడ కలెక్టరు అన్న మాట గుసగుసగా చివరి సీటు దాకా పాకింది. బస్సు దారిలో మరెక్కడా ఆగకుండా సముద్రం దగ్గరికి దూసుకుపోయింది.

బందరు వాళ్ల మర్యాదకు రాజ్యలక్ష్మి ముచ్చటపడింది. బస్సు దిగగానే బుచ్చయ్య అనే ముసలాయన కాగితం చేతికిస్తే చదివిపెట్టమంటున్నాడనుకొని పైకి చదివింది. ఊళ్లో అందరి ఉత్తరాలూ ఆవిడే చదివేది.

"బావి సంగతి చివర్న రాశారేంటండీ? బావే ముందు," అంది.

బుచ్చయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఇంకో పాతిక కాగితాలు ముందుకొచ్చాయి.

"ముందు నన్ను స్నానం చెయ్యనివ్వండి. మగాళ్లంతా గట్టవతలకి నడవండి," అని ఆవిడ చీరకొంగు నడుముకు బిగించింది. ఒడ్డంతా క్షణంలో ఖాళీ అయింది. మొదటి మునకకు ఉప్పునీళ్లు మింగింది. రెండోసారికి కెరటం పడేసింది. మూడు అన్న మాట మరిచిపోయి ముప్పై దాకా మునిగింది.

ఈలోగా గుర్రబ్బళ్లు వచ్చాయి. కలెక్టరమ్మగారి స్నానమవుతోందని కానిస్టేబులు గట్టు మీదికే రానివ్వలేదు. మహిళా మండలికి సముద్రం చప్పుడు మాత్రం వినబడింది. హైమవతి అధైర్యపడలేదు. అక్కడికక్కడే మండలికి భవనం కావాలని అర్జీ రాసి, వరుసలో బుచ్చయ్య వెనక నిలబడింది. తడికొంగు పిండుకుంటూ గట్టెక్కిన రాజ్యలక్ష్మిని చూసి నోరు తెరిచింది.

"నువ్వా వదినా? కలెక్టరు గారేరీ?"

"బస్సులో. సీటు కింద ఉంది."

పోతురాజు పరిగెత్తి బుట్ట పట్టుకొచ్చి మూత తీశాడు. కానిస్టేబులు కాయల్ని చాలాసేపు చూశాడు. చివరికి బుచ్చయ్య, "అయితే మా బావి?" అన్నాడు.

రాజ్యలక్ష్మికి అప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు ఆవిడ కంగారేమీ పడలేదు. పొరపాటు తనదేనని, ఒక్క కలెక్టరు అన్న మాటే తప్ప తాను అబద్ధమేమీ చెప్పలేదని, అదీ అబద్ధం కాదని ఒప్పుకుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే అలవాటు హైమవతి గారికుంది, కాగితాలు ఆవిడకివ్వండని చెప్పింది. జనం హైమవతిని చుట్టుముట్టారు. ప్రతి ఒక్కరూ తమ బాధ నోటితో కూడా చెప్పుకున్నారు.

ఆ వారం మహిళా మండలి మినిట్సు పుస్తకంలో, సభ్యురాళ్లు ప్రజాసమస్యలు తెలుసుకొన్నారని ఉంది.